హైఫనేషన్ లైబ్రరీ గారికి, లైను మొదట్లో నిలబడ్డ పొల్లు గురించి

గౌరవనీయులైన హైఫనేషన్ లైబ్రరీ గారికి,

విషయం: తెలుగు పదాలను లైను చివర నిస్సంకోచంగా విరవడం గురించి.

ఆర్యా,

తమరు క్షేమమని తలుస్తాను. ఉంటారు లెండి, విరిగేవి మా మాటలు కదా.

నేను ఒక చిన్న మాసపత్రికకు వెబ్ పేజీలు సర్దిపెడుతుంటాను. వ్యాసానికి రెండు అంచులూ గీత గీసినట్టు ఉండాలని మా సంపాదకుల పట్టుదల. ఫోన్ స్క్రీన్ మీద లైనుకు మూడు తెలుగు పదాలు పడితే గొప్ప. మధ్యలో 'చెప్పుకోలేకపోతున్నామంటున్నారు' లాంటిది ఒకటి దిగిందంటే ఆ లైనంతా దానిదే. పై లైనులో మిగిలిన రెండు పదాలు చెరో అంచుకు అతుక్కుపోతాయి, మధ్యలో పెద్ద ఖాళీ. ఆ ఖాళీ పూడ్చడానికే, లైను చివర పట్టని పదాన్ని విరిచి అడ్డగీత పెట్టే ప్రోగ్రామ్ అయిన తమరిని పిలిపించాం. డజన్ల కొద్దీ భాషల్లో పదాలు విరుస్తారనీ, ఒక్క లైను కోడ్ చాలనీ తమకు మంచి పేరుంది. తెలుగు కూడా ఆ జాబితాలో కనపడేసరికి పొంగిపోయాం.

మొదటి వ్యాసం స్థానిక రాజకీయాల మీద. అందులో 'అవినీతిపరుడు' అని ఉన్నచోట మీరు 'అవి' దగ్గర అడ్డగీత పెట్టి మిగతాది కిందికి పంపారు. కింది లైను 'నీతిపరుడు' అని మొదలైంది. ఇంత చౌకగా క్లీన్ చిట్ ఇచ్చే కమిటీ ఇంతవరకు ఎక్కడా వేసినట్టు లేదు. రెండు పేరాల తర్వాత మంత్రిగారి 'రాజీనామా' వచ్చింది. 'రాజీ' అని పై లైను ముగించారు. చదివేవాడు కిందికి దిగేలోపు అంతా సర్దుకుపోయారనుకుంటాడు. మన దగ్గర జరిగేది దాదాపు అదే కాబట్టి దీన్ని తప్పుల పద్దులో రాయను. 'కార్యాలయం' ఉంది చూశారా, దాన్ని 'కార్యా' అని ఒకచోట, 'లయం' అని ఇంకోచోట పెట్టారు. ఇందులో మీ తప్పు సగమే. 'కార్య', 'ఆలయం' కలిసిన అతుకు 'యా' అక్షరం లోపల ఉంది, అక్షరాన్ని ఎవరూ చీల్చలేరు. పైగా ఆ ఆఫీసు చుట్టూ తిరిగొచ్చినవాడు ఎవడూ ఈ విరుపు మీద ఫిర్యాదు చేయడు.

ఇవన్నీ నవ్వుకుని వదిలేసేవాణ్ణి. ఉత్తరం రాయాల్సి వచ్చింది 'ర్' వల్ల.

తమ వంశచరిత్ర కొంచెం తెలుసుకున్నాను. ఫ్రాంక్ లియాంగ్ అనే ఆయన స్టాన్‌ఫర్డ్‌లో కంప్యూటర్ శాస్త్రవేత్త డొనాల్డ్ క్నూత్ దగ్గర పరిశోధన చేసి, 1983లో సిద్ధాంత గ్రంథం సమర్పించాడు. దాని పేరును కూడా ముక్కలు ముక్కలుగా, మధ్యలో హైఫన్లతోనే అచ్చు వేసుకున్నాడు, అంత శ్రద్ధ. ఆయన పద్ధతి తేలిక. అక్షరాల మధ్య అంకెలు పెడతారు. బేసి అంకె అయితే ఇక్కడ విరవచ్చని, సరి అంకె అయితే వద్దని. రెండు రూలులు ఒకేచోట గొడవపడితే పెద్ద అంకెది గెలుపు. ఇంగ్లిష్‌కు ఇలాంటివి 4447 తయారయ్యాయి. అంత సరంజామా ఉండి కూడా అది నిఘంటువులోని విరుపుల్లో 89 శాతమే పట్టుకునేది. మిగతా చోట్ల నోరు మూసుకునేది. తప్పుగా విరవడం కంటే విరవకపోవడమే నయమని దాని సిద్ధాంతం.

ఇక మా తెలుగు రూలుల ఫైలు. వంద రూలులు కూడా లేవు. ఉన్నవి కూడా ముప్పావు వంతు వర్ణమాలే: ప్రతి హల్లుకూ ముందు విరవచ్చు, గుణింతపు గుర్తు తర్వాత విరవచ్చు, ముందు వద్దు, సున్నాకు ముందు వద్దు, పొల్లుకు అటూ ఇటూ వద్దు. అయిపోయింది. బాలశిక్ష మొదటి పేజీలు చదివేసి కోర్టులో వకాల్తా పుచ్చుకున్నారన్నమాట.

'కంప్యూటర్' తీసుకోండి. 'కం' తర్వాత విరిస్తే బాగానే ఉంది. 'ప్యూ' తర్వాతా సరే. 'ట' తర్వాత? 'ర' హల్లు కాబట్టి దాని ముందు విరవచ్చన్నారు. 'ర'కీ పొల్లుకీ మధ్య మాత్రం విరవకూడదన్నారు. రెండు రూలులూ తు.చ. తప్పకుండా పాటించి 'ర్' అనే దాన్ని తీసుకెళ్లి కింది లైను మొదట్లో నిలబెట్టారు. 'కంప్యూటర్‌లో' అయితే ఇంకా మజా, కింది లైను 'ర్‌లో' అని మొదలవుతుంది. చలికాలం పొద్దున్నే బండి కిక్ కొడితే వచ్చే చప్పుడు అది. మా సంపాదకులు పైకి చదివి చూసి, కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ చదివారు.

'కంప్యూటరు' అని ఉకారం తగిలించి రాసి ఉంటే ఈ టెన్షన్ లేదు, 'రు' అని కనీసం పలకొచ్చు. తమ రూలులు సరిగ్గా అలాంటి తెలుగుకే, ప్రతి మాటా అచ్చుతో ముగిసే తెలుగుకే సరిపోతాయి. కానీ మేం రోజూ రాసేది ఫోన్, టికెట్, లోన్, ఆధార్, రీఛార్జ్, ఇన్‌స్టాల్‌మెంట్. పొల్లు లేకుండా మాకు పూట గడవదు.

మరి ఒంటరి అక్షరం మిగలకుండా కాపలా ఉంది కదా అంటారేమో. ఉంది. విరుపుకు ఎడమ వైపు రెండు, కుడి వైపు రెండు ఉండాలని సెట్టింగ్. తీరా చూస్తే ఆ రెండు అక్షరాలు కావు, కోడ్ పాయింట్లు, అంటే కంప్యూటర్ లోపల విడివిడిగా దాచుకునే గుర్తులు. 'ర్'లో ర ఒకటి, పొల్లు ఒకటి, రెండయ్యాయి, పాస్. 'దు'లో ద ఒకటి, కొమ్ము ఒకటి, అదీ పాస్. 'అన్యాయం'లో మొదటి 'అ' మాత్రం ఒక్కటే లెక్క, కాబట్టి దాన్ని విడదీయనివ్వరు. అంటే అవినీతిపరుడిలోంచి నీతిపరుణ్ణి అయితే లాగగలరు కానీ అన్యాయంలోంచి న్యాయాన్ని తీయలేరు. ఈ ఒక్క విషయంలో తమ వాస్తవిక దృష్టికి నమస్కారం.

రెండును నాలుగు చేసి చూశాను. 'క్ష్మి' ఒక్క అక్షరమే, కోడ్ పాయింట్లు ఆరు. 'మహాలక్ష్మి'ని 'మహాల' అని ఒక లైనులో, 'క్ష్మి' అని ఇంకో లైనులో కూర్చోబెట్టారు. 'ర్‌లో' కూడా దర్జాగా లోపలికి వచ్చింది, రెండు అక్షరాలు అతుక్కోకుండా మధ్యలో నిలబడే, కంటికి కనపడని జీరో విడ్త్ నాన్ జాయినర్‌తో కలిపి దానికి అయిదున్నాయి మరి. 'స్త్రీ' ఒక్కతే మీకు లొంగలేదు. ఆరు కోడ్ పాయింట్లున్నా అడుగడుగునా పొల్లు కాపలా, ఎక్కడా విరవలేరు.

చేతకాక ఇలా చేస్తున్నారంటే ఊరుకునేవాణ్ణి. కానీ వేరే భాషలకు తమరు చేసే మర్యాదలు చూశాను. 1996 స్పెల్లింగ్ సంస్కరణకు ముందు జర్మన్‌లో చక్కెర అనే మాటను లైను చివర విరిస్తే అందులోని 'సి' కాస్తా 'కె' అయిపోవాలి. హంగేరియన్‌లో స్త్రీ అనే అర్థమున్న మాటను విరిస్తే, కలిపి రాసేటప్పుడు కుదించిన జంట అక్షరం పూర్తిగా బయటపడి ఒక 'జెడ్' అదనంగా చేరాలి. లిబ్రెఆఫీస్ అనే ఆఫీస్ సాఫ్ట్‌వేర్ వాడే, తమలాంటి లైబ్రరీయే అయిన మీ తమ్ముడికి ఇదంతా వచ్చు. నేర్పింది లాస్లో నెమెత్ అనే హంగేరియన్ ప్రోగ్రామరే. వాళ్లకు లేని అక్షరం పుట్టించి ఇచ్చారు, మా పొల్లును ఉన్నచోట ఉంచమంటే మాత్రం రూలులో లేదంటారు.

ఇంగ్లిష్‌కు ఆ 4447 కాక 14 పదాల మినహాయింపు జాబితా ఒకటి మొదటి నుంచీ ఉంది. అందులో 'ప్రెజెంట్', 'ప్రాజెక్ట్' లాంటివి ఏ గీతా లేకుండా ఉన్నాయి. నామవాచకమైతే ఒకచోట, క్రియ అయితే ఇంకోచోట విరవాలి, ఏదో తెలియదు కాబట్టి అసలు ముట్టుకోవద్దని. ఎంత బుద్ధిమంతుడండీ! అంత అనుమానం ఇంగ్లిష్‌కు ఇచ్చి, మాకు మాత్రం ఏ మూలా సందేహం లేని ధైర్యం పంపారు.

మా పాత డీటీపీ వాళ్లు అదృష్టవంతులు అనబోయాను, కాదు. 'అను' అనే పాత తెలుగు ఫాంట్లలో తలకట్టు, కొమ్ము, ఒత్తు అన్నీ ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లోనే దాగి ఉండేవి. పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్‌కు అదంతా ఏదో తెలియని ఇంగ్లిష్. హైఫనేషన్ ఆన్‌లో మరిచిపోతే దీర్ఘం పైన, ఒత్తు కింద పడి ఉండేవి. అందుకే ఆపరేటర్ కొత్త ఫైలు తెరవగానే మీ తాతగారిని ఆఫ్ చేసి, ఆ తర్వాత టీ చెప్పేవాడు.

ఇంకో చిన్న మనవి, సాఫ్ట్ హైఫన్ గురించి. బ్రౌజర్‌ను నమ్మకుండా తమరే ముందుగా ప్రతి విరుపు చోటా కనపడని గీతను దూర్చిపెట్టే పద్ధతి ఉందిగా. అవసరం లేనప్పుడు కంటికి కనపడదు, నిజమే. కానీ ఎవరైనా ఆ పేజీలోంచి తన పేరు కాపీ చేసి ఏదైనా దరఖాస్తులో అతికిస్తే, ఆ గీతలు కూడా బంధువుల్లా వెంట వస్తాయి. తర్వాత 'పేరు సరిపోలలేదు' అని వస్తే ఆ మనిషి ఎన్ని జిరాక్సులు ఇచ్చినా ఆ తేడా ఎవరికీ కనపడదు. పనిలో పనిగా, లైను చివర గీత తప్పనిసరి అని కూడా అనుకోకండి. అదే గీత జంటపదాలకూ వాడతాం కాబట్టి మా పాఠకుడు అక్కడ ఒక క్షణం ఆగుతాడు. గీత బదులు ఖాళీ పెట్టుకునే వెసులుబాటు వెబ్ పేజీల రూపురేఖలు చెప్పే సీఎస్ఎస్‌లోనే ఉంది, నేను అదే వాడుతున్నాను.

కోపమంతా మీ మీద వెళ్లగక్కాక ఒకటి చెప్పాలి. ఆ మాత్రం తెలుగు ఫైలైనా రాసిపెట్టింది మన పంతుళ్లో, అకాడమీలో కాదు. స్వతంత్ర మలయాళం కంప్యూటింగ్ అనే స్వచ్ఛంద బృందం వాళ్లు తమ భాషతో పాటు మనకూ, మిగతా భారతీయ భాషలకూ కలిపి రాశారు. పక్కింటివాళ్లు మన వాకిట్లో కూడా ముగ్గేసి వెళ్లారు, చుక్కలు తప్పాయని నేను ఉత్తరం రాస్తున్నాను. మనకు 2008లో ప్రాచీన హోదా వచ్చింది. ఏటా ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం ఫ్లెక్సీ కడతాం, చోటు చాలకపోతే 'శుభాకాం' పైన, 'క్షలు' కింద. పదానికి పొల్లు చివరుంటే దాని ముందు విరవొద్దని ఒక్క రూలు రాసి పంపడానికి సభ అక్కర్లేదు, నోట్‌ప్యాడ్ చాలు. కాబట్టి రాశాను. పదం చివరను చుక్కతో సూచించే ఏర్పాటు లియాంగ్ నాడే చేసి పెట్టాడు. హల్లు, పొల్లు, చుక్క రాసి, హల్లుకు ముందు 2 వేస్తే పని అయిపోతుంది, ముప్పై అయిదు హల్లులకూ తలా ఒకటి. నాన్ జాయినర్ ముందున్న పొల్లుకు ఇంకో ముప్పై అయిదు. అక్షరాలు లెక్కపెట్టడం మాత్రం నా వల్ల కాదు, అది తమరే నేర్చుకోవాలి.

ఇట్లు,
తమ విధేయుడు,
ఒక పేజీ సర్దేవాడు

జతపరచినవి: రూలుల ఫైలు ఒకటి, మినహాయింపు పదాల తొలి జాబితా ఒకటి. జాబితాలో రాజీనామా, మహాలక్ష్మి ఉన్నాయి. అవినీతిపరుణ్ణి ఇంకా చేర్చలేదు. ఎన్నికల దాకా ఆగమని మా వార్డు పెద్దలు అడిగారు.