432లో ఏ మహిమా లేదు

"440 హెర్ట్జ్‌లో పాటలు వింటే టెన్షన్, బీపీ పెరుగుతాయి. జనాన్ని రెచ్చగొట్టడానికి 1939లో హిట్లర్ మంత్రి గోబెల్స్ దాన్ని ప్రపంచం మీద రుద్దాడు. మన ఋషులు, మన గుళ్ళు వాడింది 432. రోజూ గంటసేపు 432లో వింటే మందులే అక్కర్లేదు."

తిరుపతిలో మా వాట్సాప్ గ్రూపులన్నిటా తిరుగుతున్న మెసేజ్ ఇది. మా పాట క్లాసుకు కూతుర్ని తీసుకొచ్చే ఒకావిడ "అక్కా, తంబురా యాప్ కూడా 432కి మార్చేద్దామా?" అని అడిగింది. పది రోజులుగా బీపీ మాత్ర కూడా మానేసిందట. అందుకే ఇది రాస్తున్నాను.

గోబెల్స్ సంగతి ముందు తేల్చేద్దాం. 440 అంటే, వాద్యాలన్నీ ఒకే శ్రుతిలో కలవడానికి పాశ్చాత్య సంగీతంలో "ఎ" అనే స్వరానికి పెట్టుకున్న కొలత. 440ని 1834లోనే జర్మనీలో షైబ్లర్ అనే ఆయన ప్రతిపాదించాడు. అప్పటికి గోబెల్స్ పుట్టనే లేదు. ఫ్రాన్స్ 1859లో 435 అని చట్టమే చేసింది. అంతకుముందు ఐరోపాలో ఊరికో శ్రుతి. 1939లో 440ని సిఫారసు చేసిన అంతర్జాతీయ సమావేశం జరిగింది లండన్‌లో. 1955లో అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ఓ దాన్నే ప్రమాణంగా తీసుకుంది.

ఋషుల మాటకొస్తే, హెర్ట్జ్ అంటే సెకనుకు ఎన్ని కంపనాలు అని లెక్క. మన పూర్వులు కాలాన్ని ఘడియల్లో, విఘడియల్లో కొలిచారు. విఘడియకు 24 సెకన్లు. సెకనే లేని లెక్కలో 432 ఎక్కడినుంచి వస్తుంది?

గుళ్ళ పేరు వాడుకోవడం చూస్తే నాకు నిజంగా బాధేసింది. కర్ణాటక సంగీతంలో శ్రుతి పాడేవాళ్ళ గొంతును బట్టి ఉంటుంది. హార్మోనియం మెట్ల లెక్కలో మగవాళ్ళు ఒకటి, ఒకటిన్నర పెట్టుకుంటారు, ఆడవాళ్ళు ఐదు, ఐదున్నర. తిరుమలలో దొరికిన అన్నమయ్య రాగిరేకుల మీద రాగం పేరు చెక్కారు గానీ ఇన్ని కంపనాలని ఎక్కడా లేదు. మొన్న ఫోన్‌లో ట్యూనర్ పెట్టుకుని తోడి రాగంలో గాంధారం, అంటే "గ" స్వరం, పాడి చూశాను. ముల్లు ఒక్కచోట నిలిస్తే ఒట్టు! గమకమంటేనే ఆ కదలిక కదా.

నాదస్వరం సంగతి ఇంకా బాగుంటుంది. గాలి పది డిగ్రీలు చల్లబడితే ధ్వని వేగం తగ్గి, 440 పలికే గొట్టం దాదాపు 432కి దిగుతుంది. వాయించేవారి ఊపిరి వెచ్చదనం వల్ల అంత తేడా రాదు, పెదవులతో సరిచేసుకుంటారు కూడా. అయినా ఎండాకాలంలో గోవిందరాజస్వామి గుడి దగ్గర పలికినంత పైకి, ధనుర్మాసం చలిలో కొండ మీద పలకదు. ఇంతకీ ఈ రెండు అంకెల తేడా ఎంత? హార్మోనియం మీద తెల్లమెట్టుకూ పక్కనున్న నల్లమెట్టుకూ మధ్య దూరంలో మూడో వంతు, అంతే.

ఇక మందులు. సంగీతం మేలు చేస్తుంది, అది నేను రోజూ చూస్తున్నదే. ఆపరేషన్‌కు ముందు సంగీతం వింటే ఆందోళన కొంత తగ్గవచ్చని పరిశోధనలను సమీక్షించినవాళ్ళు కూడా చెప్పారు. నిదానంగా పాడితే ఊపిరి నెమ్మదిస్తుంది. కానీ ఆ మేలంతా 432లోనే ఉందనడానికి గట్టి రుజువు లేదు. బీపీ మాత్రకు బదులు పాట అనడం ప్రాణాలతో ఆడుకోవడమే.

ఆవిణ్ణి కూర్చోబెట్టి, తన గొంతుకు హాయిగా ఉన్నచోట తంబురా పెట్టి "సా" పట్టమన్నాను. మొదట కాస్త కిందికి పలికింది. గొంతుకూ తంబురాకూ మధ్య వూఁ వూఁ అని అలలా ఒక వణుకు. "ఇంకొంచెం పైకమ్మా" అన్నాను. వణుకు నెమ్మదించి, ఆగిపోయింది. ఆవిడ కళ్ళు మూసుకుని మరో నాలుగుసార్లు అదే "సా" పట్టింది. మర్నాడు డాక్టర్ దగ్గరికి వెళ్ళి, మాత్ర మళ్ళీ మొదలుపెట్టింది.