మహారాజశ్రీ గోల్డ్ స్టార్ స్టిక్కర్ గారికి

అయ్యా,

ఎల్‌కేజీ పిల్లల నోట్‌బుక్కుల మీదా, చేతుల మీదా, ఒక్కోసారి నుదుటి మీదా మెరుస్తూ తమరు క్షేమమే. తమరు లేకపోతే ఎర్ర బంతి ఎర్ర బుట్టలోకి వెళ్లాలని ఏ పిల్లకీ తెలిసేది కాదన్నట్టుంది ఆ దర్జా. ఆ సంగతి మాట్లాడదామనే ఈ ఉత్తరం.

మొన్న మా ఇంట్లో సత్యనారాయణ వ్రతం. పెద్దలంతా లోపల కథ వింటుంటే మా చెల్లెలి కూతురు, మూడేళ్లది, గుమ్మం బయట చెప్పుల కుప్ప ముందు చతికిలబడింది. ఒక హవాయి చెప్పు తీసి, కుప్పంతా కెలికి రెండోది పట్టింది. నీలం పట్టీలవి రెండు జతలుంటే ఒకదానికొకటి ఆనించి కొలత చూసింది. తర్వాత పిల్లల చెప్పులన్నీ మెట్టు మీదకి, పెద్దవాళ్లవి గోడవారకి. ఎవరూ చెప్పలేదు, చప్పట్లు కొట్టలేదు. పైగా వాళ్లమ్మ చేత చీవాట్లు తింది. మర్నాడు మళ్లీ అదే పని!

అంత చిన్నపిల్లేమిటి, మూడు నాలుగు నెలల పసివాళ్లే చూసినవాటిని గుంపులుగా విడదీస్తారు. 1993లో మనస్తత్వ శాస్త్రవేత్త పాల్ క్విన్ బృందం వాళ్లకి వరసగా పిల్లి ఫొటోలు చూపించి, తర్వాత ఒక కొత్త పిల్లినీ ఒక కుక్కనీ పక్కపక్కన పెట్టింది. పిల్లలు కుక్క వైపే ఎక్కువసేపు చూశారు; అంటే పిల్లులన్నీ ఒక గుంపు, ఇది వేరే అని పట్టేశారన్నమాట. వాళ్లకి తమరిని అతికించేంత చెయ్యి కూడా ఉండదు.

1971లో ముర్రే సిడ్మన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఇంకో విచిత్రం రాశాడు. మానసిక ఎదుగుదల బాగా తక్కువున్న 17 ఏళ్ల అబ్బాయి. మాట వింటే బొమ్మ చూపిస్తాడు, చదవడం మాత్రం రాదు. విన్న మాటకి అచ్చులోని మాటను జత చేయడం నేర్పారు, 20 మాటలు. దాంతో అచ్చు మాటకి బొమ్మను తనే జత చేసేశాడు. ఆ జత అతనికి ఎవరూ నేర్పలేదు. ముందు నేర్పినదానికి బహుమతులు వాడారు, నిజమే. ఆ మేరకు తమ బంధువర్గానికి ఒక దండం.

ఇక తమ వంశం పరువు తీసిన కేసు 1973 నాటిది. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ నర్సరీలో లెపర్, గ్రీన్, నిస్బెట్ అనే పరిశోధకులు స్కెచ్ పెన్నులతో బొమ్మలేయడం ఇష్టమైన పిల్లల్ని ఎంచుకున్నారు. కొందరికి ముందే ఆశ పెట్టి, బొమ్మ వేశాక బంగారు నక్షత్రం, ఎర్ర రిబ్బను ఉన్న సర్టిఫికెట్ ఇచ్చారు. కొన్నాళ్లకి ఆ పిల్లలు పెన్నులు పట్టడం మిగతావాళ్లతో పోలిస్తే దాదాపు సగానికి పడిపోయింది. చెప్పకుండా హఠాత్తుగా ఇచ్చినవాళ్లకి ఆ జబ్బు రాలేదు. ఇష్టంగా చేసే పనిని కూలిపని చేయడంలో తమది అందె వేసిన చెయ్యి.

మా పిల్లని ఈమధ్యే బడిలో వేశారు. జతపరచమంటే గొడుగుని తాత బొమ్మకి కలిపింది. వాళ్ల తాత ఎండలో గొడుగు లేకుండా గడప దాటరు మరి. సరైన జవాబు వాన మబ్బట. తమరికి బదులు ఇంటూ మార్కు పడింది. ఇప్పుడు గీత గీసేముందు టీచర్ ముఖం చూస్తోంది.

కాబట్టి జీతం బిల్లు పంపేముందు కాస్త ఆలోచించండి.

ఇట్లు,
చెప్పుల పిల్ల మేనమామ

తా.క.: తమ షీటు ఒకటి దాని చేతికి చిక్కింది. బంగారు రంగువి ఫ్రిజ్‌కి, వెండివి బీరువాకి, చిరిగినవి నాకు అతికించింది. తమరు ఏ గుంపులో పడ్డారో చూసుకోగలరు.