గోలైట్ మూతపడింది, దాని అవసరం మాత్రం మనకి ఇంకా ఉంది

2014 అంటే ఉత్తరాంధ్రలో ఎవరినడిగినా హుద్‌హుద్ అనే చెబుతారు. అదే ఏడాది చివర్లో అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో, కొండల్లో నడిచేవాళ్లకి తేలిక సంచులు, టెంట్లు తయారుచేసే గోలైట్ అనే కంపెనీ మూతపడింది. ఆ కబురు శ్రీకాకుళంలో ఎవరికీ పట్టలేదు, పట్టాల్సిన పనీ లేదు. అయినా దాని గురించి రాయాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను. ఆ కంపెనీ కుట్టిన సామాను మీద నాకున్న ఇష్టం ఒక కారణం. రెండోది, ఆ సామాను వెనకున్న ఆలోచన కొలరాడో కంటే మన మహేంద్రగిరికి, సీతంపేట ఏజెన్సీకి ఎక్కువ పనికొస్తుందని నా గట్టి నమ్మకం.

గోలైట్‌ని 1998లో కిమ్, డెమెట్రి కూపూనస్ అనే భార్యాభర్తలు బౌల్డర్ ఊళ్లో పెట్టారు. మొదట్లో వాళ్లు తయారుచేసిన వస్తువులకి మూలం రే జార్డిన్ అనే ఆయన. అంతరిక్ష వాహనాల రంగంలో ఇంజనీరుగా పనిచేసి, రాతికొండలెక్కడంలో పేరు తెచ్చుకుని, రాతి పగుళ్లలో బిగుసుకునే 'ఫ్రెండ్స్' అనే పరికరాన్ని కనిపెట్టిన మనిషి. ఆ తర్వాత భార్య జెన్నీతో కలిసి పసిఫిక్ క్రెస్ట్ ట్రెయిల్ నడవడం మొదలుపెట్టాడు. మెక్సికో సరిహద్దు నుంచి కెనడా దాకా సుమారు 4,265 కిలోమీటర్ల దారి అది. అంత దూరం నడిచేవాడికి వీపు మీది ప్రతి వస్తువూ ఒక ప్రశ్నే కదా, ఇది నిజంగా కావాలా అని. ఆయన సంచిలోంచి లోహపు ఫ్రేము తీసేశాడు, నడుం పట్టీ తీసేశాడు, టెంటు మానేసి తల మీద కప్పులా కట్టుకునే టార్ప్ గుడ్డ పట్టుకెళ్లాడు, స్లీపింగ్ బ్యాగు బదులు తనే కుట్టుకున్న బొంత వాడాడు. ఆ పద్ధతిని అందరూ కొనుక్కునేలా చేసింది గోలైట్. వాళ్ల మొదటి సంచి బ్రీజ్ బరువు 400 గ్రాములు అటూ ఇటూ. అప్పట్లో మామూలు ట్రెక్కింగ్ సంచులు ఖాళీగానే రెండు కిలోలు, ఆ పైన ఉండేవి.

నా చేతికి ఆ సామాను వచ్చింది మా పెద్దమ్మ కొడుకు వల్ల. అన్నయ్య డెన్వర్‌లో చదువుకుని, అక్కడే కొన్నాళ్లు ఉద్యోగం చేసి తిరిగొస్తూ చాక్లెట్లతో పాటు ఒక సంచి, ఒక గొడుగు, ఒక టెంటు తెచ్చి "నువ్వే వాడతావు, ఉంచుకో" అన్నాడు. సంచి పేరు జామ్, గొడుగు వెండి రంగుది, టెంటు పేరు షాంగ్రీలా. మూడూ కలిపి పట్టుకుంటే ఇంకేదో మర్చిపోయాడేమో అనిపించేంత తేలిక.

జామ్ గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. 50 లీటర్ల సంచి, 850 గ్రాముల దరిదాపు బరువు. పైన మూత లేదు, నోటిని చుట్టచుట్టి బకిల్ పెట్టడమే. లోపల ఫ్రేము లేదు, మనం పడుకునే పల్చటి ఫోమ్ చాపని మడిచి వీపు వైపు దూరిస్తే అదే ఫ్రేము పని చేస్తుంది. అంటే రాత్రి పడకకి మోసే వస్తువు పగలు వీపుకి ఆసరా అవుతుంది, ఒక్క బరువుకి రెండు పనులు. సామాను తక్కువ ఉన్న రోజున సంచి అడుగుభాగాన్ని చిన్న కొక్కేలతో పైకి లాగి తగిలించేస్తే సగం సంచి అయిపోతుంది. గుడ్డలో తెల్లగా గళ్లు గళ్లుగా కనిపించేది డైనీమా అనే చాలా గట్టి దారం. దానికి రంగు పట్టదు కాబట్టి గుడ్డకి ఏ రంగు వేసినా ఆ గళ్లు మాత్రం తెల్లగానే మిగిలిపోతాయి. ముళ్లకంపల్లో ఈడ్చుకొచ్చినా చిరుగు ఒక గడి దాటి పెద్దగా సాగదు.

ఇంత చెప్పాక దాని పరిమితి కూడా చెప్పాలి. ఈ సంచిలో పదిహేను కిలోలు నింపితే భుజాలు పడిపోతాయి. ఫ్రేము లేదు కాబట్టి బరువంతా పట్టీల మీదే వేలాడుతుంది. అందుకే తేలిక సంచి కొనేసి పాత సామానే అందులో కుక్కినవాళ్లు దాన్ని తిట్టుకుంటారు. ముందు లోపలి సామాను తగ్గాలి, ఆ తర్వాతే సంచి తేలికవ్వాలి. తిండీ నీళ్లూ కాక మిగతా సామానంతా కలిపి నాలుగున్నర కిలోల లోపు ఉండాలని ఈ పద్ధతి పాటించేవాళ్లు ఒక గీత గీసుకున్నారు. మన కొండలకి ఆ గీత కష్టమే కాదు. 1,501 మీటర్ల మహేంద్రగిరి మీద జనవరిలో చలి వేస్తుంది, నిజమే, కానీ హిమాలయాల చలి కాదు. ఒక పల్చటి బొంత, ఒక స్వెటర్, చెవులకి మఫ్లర్ చాలు. అయినా మన కుర్రాళ్లు విశాఖ వెళ్లి హిమాలయాల కోసం తయారుచేసిన డెబ్బై లీటర్ల సంచి కొని, అది ఖాళీగా ఉంటే బాగోదని నింపి, మందస వైపు నుంచి ఎక్కడం మొదలుపెట్టిన గంటకే రాళ్ల మీద కూలబడిపోతుంటే చూశాను. వాళ్ల ఓపికలో లోపం లేదు. వాళ్ల చేతికి వచ్చిన వస్తువు వేరే కొండ కోసం తయారైంది.

అదే దారిలో శివరాత్రికి ఎక్కే మన ముసలమ్మల్ని చూడండి. ఒక చేతిసంచి, ఒక తువ్వాలు, నీళ్ల సీసా, ఇంత అటుకులు. కుంతి గుడి, భీముడి గుడి చూసుకుని దిగిపోతారు. 1955లో ఎమ్మా గేట్‌వుడ్ అనే 67 ఏళ్ల అమెరికా బామ్మ, ఇంట్లో కుట్టుకున్న గుడ్డసంచి భుజాన వేసుకుని, మామూలు కాన్వాస్ బూట్లతో, వాన పడితే కప్పుకోవడానికి బాత్రూం కర్టెన్ పట్టుకుని మూడు వేల కిలోమీటర్లు దాటిన అపలేచియన్ ట్రెయిల్‌ని ఒంటరిగా పూర్తి చేసింది. తేలిగ్గా నడవడం ఏ కంపెనీ కనిపెట్టిందీ కాదు, దానికి కాస్త ఇంజనీరింగు జోడించి షాపులో పెట్టడమే గోలైట్ చేసింది.

గొడుగు సంగతి. కొండెక్కుతూ గొడుగేమిటని ఇక్కడా అడుగుతారు, అక్కడా అడిగేవారట. ఎండలో నడవడానికి నాకు దీన్ని మించింది దొరకలేదు. పైన వెండి పూత ఎండని తిప్పికొడుతుంది, పుల్లలు ఫైబర్‌గ్లాస్‌వి, పావు కిలో బరువు కూడా ఉండదు. సంచి భుజం పట్టీకి కట్టేసుకుంటే రెండు చేతులూ ఖాళీ. వానలో ఇంకా మంచిది, ఎందుకంటే మన ఉక్కలో రెయిన్‌కోటు వేసుకుంటే బయటి వానకి తడవకపోయినా లోపలి చెమటకి తడిసిపోతాం. గొడుగు కింద గాలి ఆడుతుంది. ఒక్కటే జాగ్రత్త, ఉరుములు మొదలైతే ఎత్తు మీద ఆగకుండా కిందికి దిగిపోవాలి. పిడుగులకి మనుషులు పోవడం మన జిల్లాలో కొత్త కాదు.

షాంగ్రీలా టెంటు మీద నాకు ప్రేమ ఉంది కానీ దాన్ని మన దగ్గర అందరికీ చెప్పను. మధ్యలో ఒక్క కర్ర, చుట్టూ మేకులు, అంతే. లోపల ముగ్గురు పడుకోవచ్చు. అడుగున గుడ్డ ఉండదు, నేలే నేల. పొడిగా ఉండే కొలరాడోలో అది హాయి. జెర్రులు, తేళ్లు, ఎర్రచీమలు తిరిగే మన కొండల్లో లోపల విడిగా దోమతెర లాంటిది కట్టుకోకపోతే నిద్ర పట్టదు, అది కట్టుకుంటే తగ్గించిన బరువు సగం తిరిగొస్తుంది. పైగా సీతంపేట, పాలకొండ వైపు ఏనుగుల తిరుగుడు ఉంది, ఫారెస్టువాళ్లని అడక్కుండా ఎక్కడపడితే అక్కడ టెంటు వేయడం తప్పు. దాన్ని నేను ఊళ్ల పక్కనే, సవర గూడేల దగ్గర పెద్దల్ని అడిగి వేస్తాను.

మరి ఇంత మంచి సామాను చేసిన కంపెనీ ఎందుకు పోయింది? గోలైట్ చివరి ఏళ్లలో వేరే షాపుల ద్వారా అమ్మడం మానుకుంది. నేరుగా కొనేవాడికే అమ్ముతాం, మధ్యవాళ్లకి పోయే డబ్బు తగ్గించి ధర దించుతాం అని సొంత షాపులు తెరుచుకుంటూ పోయింది. ధర నిజంగానే దిగింది, అన్నయ్య జామ్ కొన్నది కూడా అలా దిగిన ధరకే. కానీ షాపు అంటే అద్దె, జీతాలు, నిండా సరుకు. లాభం సన్నగిలిన చోట ఖర్చు పెరిగితే ఏ వ్యాపారమైనా ఎన్నాళ్లు నిలుస్తుంది? దానికి తోడు ఇంకో చిక్కు ఉందని నా అభిప్రాయం. తక్కువ వస్తువులతో బతకమని చెప్పే కంపెనీకి, దాని మాట బాగా విన్న మనిషే మళ్లీ షాపుకి రాడు. నా జామ్ ఇంకా గట్టిగానే ఉంది, నేను ఇంకో సంచి కొనలేదు. వాడేవాడికి అది వరం, అమ్మేవాడికి కష్టం.

కంపెనీ పోయిందని ఆలోచన ఓడిపోయినట్టు కాదు. మరుసటి ఏడాదే డెమెట్రి కూపూనస్ మై ట్రెయిల్ కంపెనీ అని మళ్లీ మొదలుపెట్టాడు. ఇప్పుడు తేలిక సంచులు కుట్టే చిన్న కంపెనీలు అమెరికాలో చాలా ఉన్నాయి. పెద్ద కంపెనీలు కూడా బరువుని గ్రాముల్లో రాసి అమ్ముతున్నాయి. నాకు అన్నిటికంటే నచ్చిన విషయం వేరు. జార్డిన్ తన సంచిని ఇంట్లోనే కుట్టుకునేలా గుడ్డ, దారం, కొలతలతో కిట్లు అమ్మాడు. గోసమర్ గేర్ అనే తేలిక సంచుల కంపెనీ పెట్టిన గ్లెన్ వాన్ పెస్కి తన జీ4 సంచి కటింగ్ కొలతల్ని ఉచితంగా అందరికీ ఇచ్చేశాడు. అంటే ఈ సామాను తయారీలో దాచుకోవాల్సిన పెద్ద రహస్యమేమీ లేదు.

అది నాకు శ్రీకాకుళంలోనే తెలిసింది. జామ్ భుజం పట్టీ కుట్టు ఊడితే, ఆటో సీట్లు కుట్టే షాపుకి తీసుకెళ్లాను. ఆయన సంచిని తిరగేసి, లోపల చెయ్యి పెట్టి తడిమి, "ఇందులో ఏటుంది బాబూ, గోనెకి రెండు పట్టీలేసినట్టుంది కదా. గుడ్డ తెస్తే ఇలాటిది నేనూ కుట్టేస్తాను" అన్నాడు. మాటవరసకి అన్నదనుకున్నాను. చిరుగు సాగకుండా గళ్లుగా నేసిన పల్చటి రిప్‌స్టాప్ నైలాన్ తెప్పించి ఇస్తే నిజంగానే కుట్టాడు. పట్టీలు సంచిని కలిసే చోట, లోడు పడే మూలల్లో అడ్డంగా నాలుగైదు సార్లు దగ్గర కుట్టు వేయాలని నేను చెప్పలేదు, ఆయనకే తెలుసు, ఆటో సీటుకీ అక్కడే చిరుగుతుందట. మా మిత్రులు ఇద్దరు ఇప్పుడు అలాంటి సంచులే వాడుతున్నారు.

ఇక్కడే నేను అసలు చెప్పాలనుకున్నది ఉంది. మన దగ్గర కొండల్లో ఎక్కువ దూరాలు నడిచేది ట్రెక్కింగ్ కుర్రాళ్లు కాదు. ఏఎన్ఎంలు, ఆశా కార్యకర్తలు, ఏజెన్సీ బడుల మాస్టార్లు, ఫారెస్ట్ గార్డులు, సంతకి దిగే గిరిజనులు. విజయనగరం జిల్లా ఎస్.కోట కొండల్లో, ఇప్పుడు పార్వతీపురం మన్యంలోకి వెళ్లిన సీతంపేట వైపు, రోడ్డు లేక గర్భిణుల్ని డోలీ కట్టి మోసుకొస్తున్నారని పేపర్లలో చదువుతూనే ఉన్నాం. దానికి కావాల్సింది రోడ్డే, మంచి సంచి రోడ్డుకి బదులు కాదు. కానీ రోడ్డు పడేదాకా, పడ్డాక కూడా, నడిచి మోసేవాళ్లు ఉంటారు. టీకాల డబ్బాని చూడండి. దళసరి గోడల ప్లాస్టిక్ పెట్టె, లోపల నాలుగు ఐస్ ప్యాకులు, మధ్యలో మందు సీసాలు, మోయడానికి ఒకే ఒక భుజం పట్టీ. ఆ పెట్టె చలిని నిలపడానికి తయారైంది, ఆ పని బాగానే చేస్తుంది. ఏటవాలు దారిలో దాన్ని ఒక పక్క వేలాడేసుకుని ఎక్కే మనిషి గురించి మాత్రం ఆ పట్టీ పెద్దగా ఆలోచించినట్టు కనిపించదు. అడుగు వేసినప్పుడల్లా అది తొడకి కొట్టుకుంటుంది, వాగు దాటేటప్పుడు ఒక చెయ్యి దానికే పోతుంది, మనిషి ఒక పక్కకి ఒరిగిపోతుంది.

జామ్ లాంటి ఆలోచనతో దానికి ఒక తొడుగు కుట్టడం ఎంత పని? రెండు వెడల్పాటి భుజం పట్టీలు, పెట్టె అడుగున పట్టి ఉంచే గుడ్డ, వీపుకి తగిలే వైపు పల్చటి ఫోమ్, ఊగకుండా ఛాతీ దగ్గర ఒక బకిల్. పెట్టెని మార్చక్కర్లేదు, చలికి ఏ తేడా రాదు. బరువు అదే, మోసే తీరు వేరు. దీనికి కొలరాడో కంపెనీ అక్కర్లేదు, ఆటో సీట్లు కుట్టే మిషను, చూసి నేర్చుకోవడానికి ఒక పాత సంచి చాలు. కుట్టు నేర్చుకున్న ఆడవాళ్లు ఏజెన్సీలోనే ఉన్నారు. సీతంపేట ఐటీడీఏ లాంటి సంస్థ తలుచుకుంటే ఒక పది కుట్టించి చూడటం పెద్ద ఖర్చేం కాదు. గుడ్డ ఎంపికలో ఒక్క జాగ్రత్త కావాలి. లోపల పాలీయూరిథేన్ పూత ఉన్న గుడ్డలు మన సముద్రపు తేమకి కొన్నేళ్లలో జిగటగా మారి పెచ్చులుగా రాలిపోతాయి, నా దగ్గరున్న వేరే సంచి ఒకటి అలాగే పోయింది. ఈ తొడుగు నీళ్లు ఆపక్కర్లేదు కాబట్టి పూత లేని గట్టి నైలాన్ గుడ్డే మేలు, తడిస్తే తొందరగా ఆరుతుంది కూడా.

మా ఆటో సీట్ల మేస్త్రీతో ఒకటి కుట్టించే పనిలో ఉన్నాను. దాన్ని ముందు ఆషాఢం వానల్లో ఒక ఏఎన్ఎం అక్కకి ఇవ్వాలి, పట్టీ ఎక్కడ ఒరుసుకుంటోందో, బకిల్ ఏ ఎత్తులో ఉండాలో చెప్పాల్సింది ఆమే. ఆమె చెప్పింది విన్నాకే రెండోదానికి గుడ్డ కత్తిరిస్తాం.