ముందు దరఖాస్తు, తర్వాతే వీడియో

నెల్లూరు జిల్లాలో ఒక రొయ్యల రైతు చెరువు నీటికి గాలి అందించే ఏరియేటర్‌లో ఏదో మార్పు చేసి కరెంటు బిల్లు తగ్గించాడనుకోండి. వెంటనే వాట్సాప్‌లో వీడియో తిరుగుతుంది, విలేకరి వచ్చి ఫొటో తీసుకుంటాడు. పేటెంట్ మాట ఆ తర్వాత ఎప్పుడో. అప్పటికే చాలావరకు చెయ్యి దాటిపోయి ఉంటుంది. దరఖాస్తు తేదీకి ముందే బయటపడిన దానికి మన చట్టం కొత్తదనాన్ని ఒప్పుకోదు, బయటపెట్టింది మీరే అయినా సరే. ప్రభుత్వం నోటిఫై చేసిన ప్రదర్శనల్లాంటి కొద్ది సందర్భాలకే 12 నెలల వెసులుబాటు. యూట్యూబ్‌కు అది వర్తించదు. అమ్ముకునే ఉద్దేశం లేదంటారా, వీడియో పెట్టుకోండి. తర్వాత దాని మీద ఇంకెవరైనా పేటెంట్ అడిగినా ఆ వీడియోనే అడ్డు నిలుస్తుంది.

అమ్మాలనుకుంటే ముందు దరఖాస్తు తేదీ పట్టుకోవాలి. అందుకే ప్రొవిజనల్ స్పెసిఫికేషన్, అంటే ఆవిష్కరణ గురించి తాత్కాలిక వివరణ పత్రం ఉంది. యంత్రం పూర్తిగా తయారు కాకపోయినా ఫర్వాలేదు. వ్యక్తులకు ఆన్‌లైన్ ఫీజు 1,600 రూపాయలు. మనది చెన్నై కార్యాలయం పరిధి, డిజిటల్ సంతకం ఉంటే రైలెక్కే పని లేదు. 12 నెలల్లో పూర్తి వివరణ, అంటే కంప్లీట్ స్పెసిఫికేషన్ వేయకపోతే దరఖాస్తు వదులుకున్నట్టే. చౌకే కదా అని ప్రొవిజనల్‌ను నాలుగు ముక్కల్లో ముగించేవాళ్లున్నారు. అందులో రాయని భాగానికి ఆ తేదీ దక్కదు. కాబట్టి బొమ్మలతో సహా తెలిసిందంతా రాయాలి. పేటెంట్ ఏజెంటుకు డబ్బు పెట్టాల్సింది క్లెయిముల (దేని మీద హక్కు కావాలో చెప్పే వాక్యాల) దగ్గర, అంటే కంప్లీట్ దశలో అని నా అభిప్రాయం.

ఇంతకుముందే ఎవరైనా చేశారేమో పేటెంట్ ఆఫీసు సైటులో ఉచితంగా వెతకొచ్చు. సాగు పద్ధతికి పేటెంట్ రాదు, సాగులో వాడే యంత్రానికి రావచ్చు. పేటెంట్ ఆఫీసు దరఖాస్తును పరీక్షించడం కూడా దానంతటది జరగదు. మొదటి దరఖాస్తు తేదీ నుంచి 31 నెలల్లోపు ఫారం 18 వేసి, 4,000 రూపాయలు కట్టి అడగాలి.

ఫీజు కంటే పెద్ద అడ్డంకి భాష. దరఖాస్తు ఇంగ్లిష్‌లోనో హిందీలోనో ఉండాలి. చీమకుర్తి గ్రానైట్ యూనిట్‌లో యంత్రాలు బాగుచేసే మెకానిక్ తన కిటుకును తెలుగులో చక్కగా చెప్పగలడు, క్లెయిమ్ రాయమంటే ఏం చేస్తాడు? ఇలాంటివాళ్లకు నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషన్ సాయం చేస్తుంది, కానీ అది గుజరాత్‌లోని గాంధీనగర్‌లో ఉంది. నెల్లూరు, ఒంగోలు చుట్టూ ఇంజినీరింగ్ కాలేజీలకు కొదవ లేదు. ఆ మెకానిక్ చేసిన యంత్రాన్ని గీసి, కొలతలు వేసి, ఇంగ్లిష్‌లో పెట్టడాన్నే ఫైనలియర్ ప్రాజెక్టుగా ఇవ్వొచ్చు. కాకపోతే గోప్యత ఒప్పందం మీద ముందే సంతకాలు జరగాలి, ఆవిష్కర్తగా మెకానిక్ పేరే ఉండాలి, లెక్చరర్ పేరు కాదు.