మీ అబ్బాయి ఎత్తు మా పూచీ

ఏలూరు రోడ్డులో కరెంటు స్తంభానికి కట్టిన ఫ్లెక్సీ మీద ఎవరో అమెరికా ఆటగాడు రింగు పట్టుకుని వేలాడుతున్నాడు. పక్కనే స్థానిక నాయకుడు దణ్ణం పెడుతున్నాడు. కింద ఎర్ర అక్షరాల్లో: ‘బాలురకు రెసిడెన్షియల్ బాస్కెట్‌బాల్ సమ్మర్ క్యాంప్. మీ అబ్బాయి ఎత్తు మా పూచీ.’ ఆట నేర్పుతామని మాత్రం ఎక్కడా లేదు. ఆ నిజాయితీని మెచ్చుకోవాలి. ఆట కోసం మన ఊళ్ళో ఎవరు డబ్బు కడతారు?

దీని వెనకున్న శాస్త్రం తెలియని అమాయకులు ఇంకా కొందరున్నారు, వాళ్ళ కోసం చెబుతున్నాను. టీవీలో బాస్కెట్‌బాల్ ఆడేవాళ్ళంతా పొడుగ్గా ఉంటారు. కనక ఆడితే పొడుగవుతారు. పిండిమరలో పనిచేసేవాళ్ళు తెల్లగా కనిపిస్తున్నారని, మేనిరంగు కోసం అక్కడ ఉద్యోగానికి చేరినట్టుగా, ఎక్కడా వంక పెట్టలేని తర్కం. పొడుగ్గా ఉన్నవాళ్ళనే ఆ ఆటకి ఏరుకుంటారేమోనన్న అనుమానం మంచి తండ్రికి రాకూడదు. 2015లో డల్లాస్ జట్టు సత్నాం సింగ్‌ని తీసుకుంది. అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో జట్లు కొత్త ఆటగాళ్ళని ఏరుకునే డ్రాఫ్టులో ఎంపికైన తొలి భారతీయుడు అతనే. 7 అడుగుల 2 అంగుళాలు. పంజాబులో సేద్యం చేసుకునే వాళ్ళ నాన్నా ఏడడుగుల మనిషే. ఈ ముక్క చెబితే, ‘వాళ్ళ తిండి వేరండీ’ అంటారు. మరి మగ్సీ బోగ్స్? 5 అడుగుల 3 అంగుళాలతో అదే ఎన్‌బీఏలో 14 సీజన్లు ఆడాడు. అన్నేళ్ళు ఎగిరినా అంగుళం పెరగలేదు. పాపం, ఫీజు వాపసు అడిగాడో లేదో.

అసలు ఆ రింగు అంత ఎత్తులో ఎందుకుందంటే, 1891 డిసెంబరులో మసాచుసెట్స్‌లో నైస్మిత్ అనే వ్యాయామ మాస్టారికి పీచ్ పళ్ళ బుట్టలు తగిలించడానికి జిమ్‌లో బాల్కనీ రెయిలింగు దొరికింది. అది పదడుగుల ఎత్తులో ఉంది. అంతే, పిల్లల్ని సాగదీసే పథకమేమీ లేదు. బయట చలికి ఆడలేని కుర్రాళ్ళ కోసం గదిలో ఆడుకోమని ఆయన కనిపెట్టిన ఆటని మనం తెచ్చి రోహిణి కార్తెలో సిమెంటు కోర్టు మీద పెట్టాం.

కంకిపాడు అవతల ఒక స్కూల్లో మా మేనల్లుడు ఇలాంటి క్యాంపులోనే ఉంటే, ఆదివారం చూడ్డానికి వెళ్ళాను. పేరెంట్స్ విజిటింగ్. అమ్మమ్మలు సున్నుండల డబ్బాలు తెచ్చారు. నాన్నలు టేపులు తెచ్చారు. కొందరివి టైలరు టేపులు, కొందరివి మేస్త్రీల ఇనప టేపులు. మెస్ హాలు గోడంతా పెన్సిలు గీతలు, పక్కన పేర్లు, తేదీలు. కుర్రాళ్ళు చెప్పులు విప్పి వరసలో నిలబడ్డారు. నెత్తి మీద పరీక్ష అట్ట పెట్టి గీత గీస్తున్నారు. అట్ట వంకరగా పెట్టారని ఒక పెద్దమనిషి అభ్యంతరం లేవదీశాడు. ఆయన బిల్డింగ్ కాంట్రాక్టరు. కారు డిక్కీలోంచి రసమట్టం తెప్పించి కొడుకు నెత్తి మీద పెట్టాడు. గాజుగొట్టంలో బుడగ మధ్యకొచ్చేదాకా ‘మెడ నిలబెట్టరా, ఊపిరి పీల్చకు’ అని గద్దిస్తూనే ఉన్నాడు. వాడు ఊపిరి బిగబట్టి ఎర్రబడిపోయాడు. అమ్మమ్మ మాత్రం ‘జుట్టు నొక్కకయ్యా, అదీ వాడిదేగా’ అని న్యాయంగా వాదించింది.

ఫలితం పావంగుళం కూడా లేదు. కోచ్‌ని పిలిపించారు.

‘ఏంటి మాస్టారూ, మా బావమరిది కొడుకు అరంగుళం వచ్చాడు. మావాడు ఉన్నచోటే ఉన్నాడు. వీడి మీద శ్రద్ధ పెడుతున్నారా లేదా?’

‘బాగా ఆడుతున్నాడండీ. పరిగెత్తుకొచ్చి ఎగిరి ఎడం చేత్తో బుట్టలో లేఅప్ కూడా వేస్తున్నాడు.’

‘అది సరేనండీ, ఎత్తు సంగతేంటి?’

కోచ్ అటు వెళ్ళగానే అసలు సందేహం బయటపడింది. ‘ఆయనే అయిదడుగుల నాలుగున్నాడు. మావాణ్ణేం పెంచుతాడు?’ అందరూ ఔనన్నట్టు తలలూపారు.

ఆ కోచ్ ఒక్కడికే అక్కడ ఆట తెలుసు. పన్నెండేళ్ళలోపు పిల్లలకి చిన్న బంతి ఇవ్వాలి, రింగు ఎనిమిదిన్నర అడుగులకి దించాలి అని మొత్తుకున్నాడట. యాజమాన్యం ఒప్పుకోలేదు. రింగు దించితే పిల్లలు ఎగరరు, ఎగరకపోతే పెరగరు. అందుకని పదేళ్ళవాడు ఆరువందల గ్రాముల పెద్ద బంతిని నడుము దగ్గర్నుంచి రెండు చేతులా ఎత్తి ఆకాశంలోకి విసురుతున్నాడు. అది ఎక్కడ పడుతుందో దుర్గమ్మకే తెలియాలి.

పెరగడానికి కావలసిన గ్రోత్ హార్మోను గాఢనిద్రలోనే ఎక్కువగా ఊరుతుందని డాక్టర్లు చెబుతారు. క్యాంపులో విజిల్ తెల్లవారుజామున నాలుగున్నరకి. మధ్యాహ్నం కాసేపు పడుకుందామంటే ఫౌండేషన్ మ్యాథ్స్ క్లాసు. అది క్యాంపు వాళ్ళ తప్పు కాదు, తల్లిదండ్రులే అడిగి పెట్టించుకున్నారు.

ఆ కాంట్రాక్టరు కొడుకు సంగతి చెప్పాలి. కుడిచేతి వాటం పిల్లాడు ఎడం చేత్తో లేఅప్ వేయడమంటే మాటలు కాదు. అడుగులు తిరగబడతాయి, ఏ కాలి మీద లేవాలో ఒళ్ళు మరిచిపోతుంది. వాడు మూడు వారాల్లో పట్టాడు. గోడ దగ్గర్నుంచి వదిలాక కోర్టులోకి పరిగెత్తి, ‘నాన్నా, ఒక్కసారి చూడు’ అన్నాడు. వేశాడు. పడింది. ఆ మనిషి తలెత్తలేదండీ! టేపు మీద అంకెలు చూసుకుంటూ ‘ఆ, ఆ’ అన్నాడు. ఏమయ్యా, నువ్వు కన్నది పిల్లాణ్ణా, శ్లాబునా? జూన్ వస్తే వాణ్ణి తీసుకెళ్ళి గ్రిల్సు బిగించిన నాలుగంతస్తుల కాలేజీలో పడేస్తావు. అక్కడ బంతి కాదు గదా, బంతి పెట్టే జాగా కూడా ఉండదు. వాడికి సొంతంగా వచ్చిన విద్య అదొక్కటీ, దాన్ని ఒక్క అరనిమిషం చూడ్డానికి నీకు తీరిక లేదు. ఎత్తు తగ్గింది వాడికి కాదు.

సరే, కోపం వద్దు. ముగింపు రోజున అందరూ సంతోషించారు. చేరిన రోజు సాయంత్రం, చెప్పులు విప్పించి కొలిచారు. ఆఖరి రోజు పొద్దున్నే మంచం దిగగానే, కొత్త బూట్లతో కొలిచారు. రాత్రంతా పడుకుని లేచిన మనిషి సాయంత్రం కన్నా సెంటీమీటరు దాకా పొడుగ్గా ఉంటాడు, వెన్నుపూసల మధ్య మెత్తలు పగలంతా నొక్కుకుపోయి రాత్రి మళ్ళీ పొంగుతాయి కనక. దానికి బూటు మడమ కలిపితే ప్రతి కుర్రాడూ పెరిగినట్టే. సర్టిఫికెట్టులో అంగుళాలతో సహా రాసిచ్చారు. క్యాంపు మొత్తంలో నిక్కచ్చిగా తయారైన ప్లాను అదొక్కటే.

కాంట్రాక్టరు గారి పెద్దమ్మాయి, ఇంటర్ చదువుతున్న పిల్ల, తమ్ముడి బ్యాగు పక్కన పెట్టి ఊరికే బంతి తీసుకుని వరసగా బుట్టలో వేస్తోంది. కోచ్ చూసి, చేతులు నలుపుకుంటూ వచ్చి, ‘అమ్మాయిని ఏదైనా అకాడమీలో చేర్పించండి సార్, మంచి చెయ్యి’ అన్నాడు.

‘ఊరుకోండి మాస్టారూ’ అన్నాడాయన కంగారుగా. ‘ఇప్పటికే అయిదడుగుల ఎనిమిది. ఇంకా పెరిగితే సంబంధాలెక్కడ తేను?’

బాస్కెట్‌బాల్ మీద ఆయన నమ్మకం అంత గట్టిది. కొడుకు పేరున వచ్చే ఏడాదికి అడ్వాన్సు కట్టి రసీదు తీసుకున్నాడు.