‘ఫోటోలు తీయరాదు’ బోర్డుగారికి ఒక అర్జీ

మహారాజశ్రీ ‘అనుమతి లేనిదే ఫోటోలు తీయరాదు’ బోర్డుగారికి,

నమస్కారాలు. ఉభయకుశలోపరి. ఎర్ర అక్షరాలతో, అడ్డంగా కొట్టేసిన కెమెరా బొమ్మతో తమరు క్షేమంగా ఉన్నారని తలుస్తాను. ఆ బొమ్మలోని రీలు కెమెరాని మా ఊరి పెళ్లి ఫోటోగ్రాఫరు ఎప్పుడో అటకెక్కించాడు. తమరు మాత్రం దాన్నే ఇంకా నిషేధిస్తున్నారు.

నన్ను పరిచయం చేసుకుంటాను. ఫోటోలు తీయడం నా వృత్తి కాదు. ట్రైపాడ్ లేదు, లెన్సుల సంచీ లేదు, జేబులో ఒక ఫోను ఉంది. ఆకు ఈనెలు, గోడ మీద నాచు, పాత తలుపు గొళ్లెం, బస్సు కిటికీ ఊచ మీద ఊడిన పెయింటు, ఇలాంటివి తీస్తుంటాను. ఆరుద్ర కార్తెకు నాలుగు చినుకులు పడగానే, ఎర్ర మఖ్మల్ తొడుక్కుని బయటికొచ్చే ఆరుద్ర పురుగు కోసం బురదలో మోకాళ్ల మీద కూర్చుంటాను. మా ఇంట్లో దీన్ని పనీపాటా లేకపోవడం అంటారు. తమరు నేరం అంటారు. ఇంట్లోవాళ్లే నయం, కనీసం ప్యాంటు ఉతికి పెడతారు.

అసలు సంగతికి వస్తాను. మా వైపు ఒక బస్టాండులో ప్రహరీ పక్కన మామిడిచెట్టు ఉంది. దాని కొమ్మ మీద ఎర్రచీమలు గూడు కడుతున్నాయి. తమరు ఎప్పుడైనా చూశారా? చూసి ఉండరు, తమరి మొహం రోడ్డువైపు కదా. కొన్ని చీమలు వరసగా నిలబడి ఒక ఆకు అంచును కాళ్లతో పట్టుకుని, పక్క ఆకును నోటితో దగ్గరికి లాగుతాయి. దూరం ఎక్కువైతే ఒకదాని నడుము ఒకటి పట్టుకుని గొలుసు కడతాయి. రెండంచులూ కలిశాక ఇంకొన్ని చీమలు తమ పిల్లపురుగుల్ని నోట కరుచుకుని వస్తాయి. ఆ పురుగు నోటి నుంచి పట్టుదారం వస్తుంది. దాన్ని ఈ అంచుకు ఒకసారి, ఆ అంచుకు ఒకసారి ఆనిస్తూ ఆకుల్ని కుట్టేస్తాయి. పెద్ద చీమలకు దారం ఉండదు, పిల్లకు కుట్టడం రాదు. ఇద్దరూ కలిస్తేనే ఇల్లు. నేను ఫోను దగ్గరగా పెట్టి, ఊపిరి బిగబట్టి ఆ కుట్టు తీస్తుంటే వెనక నుంచి విజిల్ వినిపించింది.

“ఏం తీస్తున్నరు సార్?”

“చీమలండీ.”

“చీమలా? బోర్డు కనవడ్తలేదా?”

కనబడుతోంది. తమరు నా నెత్తి మీదే ఉన్నారు. సెక్యూరిటీ ఆయన ఫోను తీసుకుని ఒక్కొక్క ఫోటో జరిపి చూశాడు. చీమలు, తుప్పు, చీమలు, బస్సు మెట్టు, నాచు, మళ్లీ చీమలు. చూసినకొద్దీ ఆయనకు అనుమానం పెరిగింది. “మీ ఫోన్ల ఒక్క మనిషి లేడేంది సార్? ఇంట్లోళ్ల ఫోటో గూడ లేదు!” అన్నాడు. పూలూ పిల్లలూ ఉన్న ఫోను అయితే ఆయన ఆ క్షణమే తిరిగి ఇచ్చేసేవాడు.

మేం ఇలా మాట్లాడుకుంటున్నప్పుడే ప్లాట్‌ఫాం మీద ఇద్దరు కుర్రాళ్లు బస్సు ముందు డాన్సు చేస్తూ రీలు తీసుకుంటున్నారు. డ్రైవరు నవ్వుతూ హారన్ కొట్టి తాళం కూడా వేశాడు. ఇంకో మూల ఒక కుటుంబం అత్తారింటికి పోతున్న ఆడపిల్లతో సామాన్ల మధ్య సెల్ఫీ దిగుతోంది. వీళ్లెవరి మీదా విజిల్ పడలేదు. నాకూ వాళ్లను ఆపాలని లేదు. నేనడిగేది ఒక్కటే. అదే బస్టాండు, అదే గోడ, అదే బస్సు వాళ్ల ఫోటోల్లోనూ ఉన్నాయి. వాళ్లకు లేని ప్రమాదం నాకెందుకు వచ్చింది? వాళ్లు కెమెరా తమవైపు తిప్పుకున్నారు, నేను గోడవైపు తిప్పాను. అంటే తమరి మీద రాయాల్సింది ‘ఫోటోలు తీయరాదు’ అని కాదు. ‘మీ మొహం లేని ఫోటోలు తీయరాదు’ అని. సెల్ఫీ దిగేవాడు ప్రయాణికుడు, వంగి చూసేవాడు గూఢచారి.

ఇది తమరి ఒక్కరి లోకజ్ఞానం కాదులెండి. 2023లో రైల్వేవాళ్లు చాలా స్టేషన్లలో సెల్ఫీ పాయింట్లు పెట్టారు. శాశ్వతంగా ఉండే రకానికి ఒక్కోదానికి ఆరు లక్షల పాతికవేలు మంజూరు చేశామని సమాచార హక్కు కింద జవాబు కూడా ఇచ్చారు. నిలబడి నవ్వితే సర్కారువారే బ్యాక్‌గ్రౌండ్ కట్టిస్తారు. అదే 1916 నాటి కాచిగూడ స్టేషన్ గుమ్మటం అంచు ఎలా ఉందో చూద్దామని మెడ పైకెత్తితే, ఎవరైనా వచ్చి ఎవరు నువ్వు అంటారేమోనని టెన్షన్.

తమరి వంశవృక్షం కూడా కొంత తిరగేశాను. శత్రువుకు పనికొచ్చే పటాలూ నక్షాలూ గీయకూడదని తెల్లదొరలు 1923లో చేసిన అధికార రహస్యాల చట్టం ఇంకా బతికే ఉంది. ప్రభుత్వం ప్రకటిస్తే రైలుమార్గాలూ రోడ్లూ కూడా దాని కిందికి వస్తాయి. మంచిదే. కానీ వీధివీధీ తిరిగి ఫోటోలు తీసే గూగుల్ స్ట్రీట్ వ్యూను 2016లో భద్రత పేరుతో కాదన్న కేంద్రమే 2022లో సరేనంది. మొదటి విడత పది నగరాల్లో హైదరాబాద్ కూడా ఉంది. కారు నెత్తిన కెమెరా పెట్టుకుని నగరమంతా చుట్టి వచ్చినవాళ్లు దర్జాగా వెళ్లిపోయారు. చీమ దగ్గర కూర్చున్నవాడు దొరికాడు.

పాత కట్టడాల దగ్గరున్న తమరి బంధువులు 2018 జూలైలోనే ఉద్యోగం పోగొట్టుకున్నారు, వార్త అందిందా? ఉపగ్రహాల కాలంలో ఈ నిషేధం ఏమిటని ప్రధాని అడిగారు. పురావస్తు శాఖవారు వెంటనే కేంద్ర రక్షణలోని కట్టడాల్లో ఫోటోలు తీసుకోనిచ్చారు. అజంతా గుహలు, లేహ్ ప్యాలెస్, తాజ్‌మహల్ లోపలి సమాధి గది, ఈ మూడే మినహాయింపు. అజంతా బొమ్మల మీద ఫ్లాష్ కొట్టేవాణ్ని ఆపాల్సిందే. అక్కడ తమరు నిలబడితే నేనూ పక్కన నిలబడతాను. బస్సులో నిద్రపోతున్న మనిషిని అడగకుండా తీసేవాడి చెయ్యి పట్టుకోండి, సాక్ష్యం కూడా చెబుతాను.

ఒకసారి సెలవు పెట్టి రామప్పకు వెళ్లి రండి. 1213 నాటి గుడి. మదనికలనే నల్లరాతి ఆడబొమ్మల నగల దగ్గర, సూది మాత్రమే దూరేంత సన్నటి సందులు చెక్కారు. దూరం నుంచి తీసిన ఫోటోలో అవి ఉండవు. ముక్కు రాతికి ఆనేంత దగ్గరికి పోవాలి. శిల్పి అంత వంగి చెక్కితే, మనం అంత వంగి చూడకపోతే ఎలా? 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది. దాని కోసం పంపిన దరఖాస్తులో ఫోటోలు ఉండి తీరాలి, ఫోటోల్లేని దరఖాస్తును వాళ్లు తీసుకోరు. రోడ్డు మీది కట్టడాన్ని ఫోటో తీస్తే కాపీరైటు ఉల్లంఘన కాదని 1957 చట్టమే చెబుతోంది. రాళ్లకూ అభ్యంతరం లేదు, చట్టానికీ లేదు. మిగిలింది తమరే.

ఆ రోజు ఏమైందో చెప్పడం మరిచాను. సెక్యూరిటీ ఆయన చీమల ఫోటోలన్నీ డిలీట్ చేయించాడు. తర్వాత కాస్త మెత్తబడి, “కెమెరా మంచిగున్నట్టుంది సార్, యూనిఫాంల నాది ఒకటి తీయరాదుండ్రి, బిడ్డకు పంపుత” అన్నాడు. వెలుతురు బాగుందని తమరి పక్కనే నిలబెట్టి తీశాను. ‘ఫోటోలు తీయరాదు’ అన్న అక్షరాలు ఆయన భుజం మీదుగా స్పష్టంగా పడ్డాయి. ఆయనకు చాలా నచ్చింది.

ఇక నా మనవి. తమరి మొదటి మాట ‘అనుమతి లేనిదే’. కాబట్టి అనుమతి ఇచ్చేవారు ఎవరో ఉండే ఉంటారు. కింద అధికారి హోదా రాసి ఉన్నట్టుంది గానీ, దాని మీద స్పోకెన్ ఇంగ్లిష్ పోస్టరు అంటించారు. ఎంక్వయిరీ కౌంటర్లో అడిగితే డిపోకు పొమ్మన్నారు. డిపోలో అడిగితే సినిమా షూటింగా, సీరియలా అన్నారు. చీమలన్నాను. చీమలకు రేటు లేదన్నారు. దయచేసి ఆ రేటు ఏదో ఖరారు చేయించండి. గూటికి ఒక రేటా, చీమకు ఇంతనా అన్నది కూడా తేల్చితే ముందే చలానా కట్టి వస్తాను.

ఇంకో సందేహం. తమరి వెనకవైపు కుడి మేకు దగ్గర ఒక సాలీడు గుడ్ల సంచీ కట్టింది, నాణెమంత ఉంటుంది. అది తీయాలంటే వేరే అనుమతి కావాలా, లేక తమరి ముందువైపు మాత్రమే నిషేధం వర్తిస్తుందా? తిరుగు టపాలో తెలియజేయగలరు. గుడ్లు పగిలేలోపు జవాబు వస్తే సంతోషం.

ఇట్లు,
తమరి విధేయుడు,
చీమల ఫోటోలవాడు