ముసలి రాజుకు మోకాళ్ళుండవా?

ఎపిక్ ఫాంటసీ (రాజులు, కత్తులు, మాయలు ఉండే కల్పిత లోకాల పెద్ద కథలు) రాసేవాళ్ళకో దండం. రాజుకు అరవై ఐదేళ్ళంటారు, తెల్లగడ్డం పెడతారు, అంతే, ముసలితనం అయిపోయింది! ఇక పది కిలోల కత్తితో పొద్దుగూకేదాకా నరుకుతూనే ఉంటాడు. ఒంటిచేతి ఖడ్గం బరువు అసలు కిలో, కిలోంబావు. ఐరోపా ఉక్కు కవచం మాత్రం 20-25 కిలోలు. అది తొడుక్కుని పోరాడితే కుర్రాడికే నిమిషాల్లో రొప్పు వస్తుంది, ఒంటి వేడి బయటికి పోదు మరి.

వయసు బలం కన్నా ముందు వేగాన్ని తినేస్తుంది. పట్టు ఉంటుంది, వేటు ఆలస్యమవుతుంది. అందుకే తెలివైన ముసలాయన అడుగులు తగ్గించి, ఎదుటివాడి చేత తప్పు చేయించి, మూడు దెబ్బల్లో తేల్చాలి. ఎప్పుడో విరిగిన భుజం తలపైకి లేవదు, పైనుంచి కొట్టే వేటు మర్చిపోవాల్సిందే. గుర్రమెక్కడానికి దిమ్మ కావాలి. పటం చెయ్యి చాచి చూడాలి. రాత్రి మూడుసార్లు లేవాలి (ముట్టడి గుడారంలో ఇదెవరూ రాయరేం?).

1346లో బొహీమియా (ఇప్పటి చెక్ దేశంలోని ప్రాంతం) రాజు జాన్, చూపు పోయాక కూడా, ఫ్రాన్స్‌లోని క్రెసీ యుద్ధానికి వెళ్ళాడు. తన గుర్రాన్ని పక్కవాళ్ళ గుర్రాలకు కట్టించుకున్నాడని చెబుతారు. అక్కడే చనిపోయాడు. ఆ పగ్గాల ముడి మీదే ఒక అధ్యాయం రాయొచ్చు కదయ్యా!